స్టూలు

పదకొండేళ్ళు ట్రంకు రోడ్డులో నిలబడినాను.
మా షాపులో సేల్సు పిల్లలకి కుర్చీ ఉండదు.
కూర్చున్న మనిషి అమ్మలేదని ఓనరు నమ్మకం.
పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా
నా ఎడమ భుజం ఆయనది.
పట్టు, ఫ్యాన్సీ, వెంకటగిరి జరీ
ఎవురి పెళ్ళికో, ఎవురి సీమంతానికో
నా మీద వేసి, తీసి, మడిచి, మళ్ళీ వేసి.
అద్దంలో వాళ్ళు చీరనే చూస్తారు.
నా ముఖం హ్యాంగరుకు పైనుండే కొక్కెం.

మార్చిలో షట్టరు దించినారు.
ఏప్రిల్‌కి సగం జీతం,
మే నెలకి "చూద్దాంలే వెంగమ్మా".
సంతపేటలో మా వీధి మొగదాల వెదురు బొంగులు కట్టి
ఎర్రగుడ్డ వేలాడదీసినారు.
అది కూడా శాటినే. అంచు కుట్టలేదు.

చెల్లెలు సుగుణ అనింది:
నిద్దట్లో గూడా కుచ్చిళ్ళు పెడతా ఉండావక్కా,
అదేదో ఫోన్లో పెట్టరాదా?

బియ్యం డబ్బా మీద ఇడ్లీ గిన్నె,
దాని మీద పొత్రం, పొత్రానికి ఆనించి
అద్దం పగిలిన ఫోను.
వెలుతురు మిద్దె మీద ఆరింటికే బాగుంటది.
ఏడైతే ఎండ, ఎనిమిదైతే రోహిణి కార్తె.
పేరు "వెన్నీ స్టైల్స్" పెడదామనింది సుగుణ.
నర్రవాడ అమ్మకి మొక్కుకుంటే పుట్టినదాన్ని,
వెంగమాంబ అనే పెట్టు అన్నా.

మొదటి వీడియో ఏడుసార్లు చూసినట్టు చూపించింది.
నాలుగు నావి. రెండు సుగుణవి.
ఆ ఏడోది ఎవురిదో అని
తెల్లార్లూ నిద్ర పట్టలా.

వేలకు వేల చీరలు అమ్మిన చేతికి
ఇంట్లో ఉండేవి మూడు.
నాలుగోది పక్కింటి చెంగమ్మత్తది.
మామిడిపిందె రంగు, కూతురి పెళ్ళిలో కట్టింది,
మడత విప్పితే కలరా ఉండల వాసన.
దూరం పాటించాలి గదా,
బట్టలారేసే కర్రతో పిట్టగోడ దాటించింది.
మూతికి తువ్వాలు కట్టుకోని
ఆ మిద్దె మీంచే డైరెక్షను:
"ఏమ్మే, ఐదో కుచ్చి వంకరబోయింది చూడు.
పిన్నీసు లోపల్నించి గుచ్చు, చీరకి చిల్లి పడద్ది!"
నోరు మూసుకోమంటే వినదు.
కత్తిరించడం నాకు అప్పటికి రాదు.
అట్నే పెట్టేసినా.

దాన్ని లక్షా ఇరవై వేలమంది చూసినారు.
కువైట్‌లో వంటపని చేసే ఒకామె రాసింది,
మన యాస వినపడి స్టవ్వు కట్టేసి కూర్చున్నానని.
ఇంకొందరు రాసినవి ఇక్కడ చెప్పను.
నల్లగా ఉండావనేదే వాటిల్లో మర్యాదైన మాట.
మ్యాచింగ్ మాస్కులోళ్ళు పన్నెండొందలు పంపినారు,
జాకెట్టు ముక్కతో మూతి మూయడం చూపించినందుకు.
ముందు గ్యాసు బండ. మళ్ళీ నెల రింగు లైటు.
దాని వెలుగులో మొదటిసారి చూసుకున్నా,
కంటి కింద నలుపు
షాపు అద్దానిది కాదు, నాదే.

వీడియోల్లో అంబులెన్సు మోత పడేది.
మొదట్లో అది పొయ్యేదాకా ఆగేదాన్ని.
ఆగస్టుకి మానేసినా.
ఆగితే రోజంతా ఆగాల.

ఒకటి మా వీధిలోకే వచ్చింది.
చెంగమ్మత్త తనే నడిచి ఎక్కింది.
ఎక్కుతా ఎక్కుతా మా మిద్దె వైపు చూసి
కొంగు సర్దుకోమని సైగ చేసింది.

చీర ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసినా.
తీసుకోను మనిషి రాలా.

నెల దాటినాక గూడూరు నుంచి ఆమె కూతురు ఫోను.
చీర అడగతాదనుకున్నా.
"ఆ వీడియో తీసెయ్యబాక వెంగీ.
మాయమ్మ కనపడదు గానీ
తిడతా ఉంటది గదా అందులో."

ఇప్పుడు కత్తిరించడం వచ్చు.
కుక్కల అరుపు, కుక్కరు విజిలు, సైరను
అన్నీ తుడిచెయ్యగలను.
దాన్ని మాత్రం ముట్టుకోను.
ఐదో కుచ్చి ఇంకా వంకరగానే ఉండాది.

షాపు తెరిచినారు. ఓనరే ఫోను చేసినాడు.
"నీకు వెనకాల శానా మంది ఉండారంటనే!
మన చీరలే చూపించు. జీతం మామూలే,
పైన ఏదో ఒకటి చూద్దాం."

స్టూలు ఉంటదా సార్, అని అడిగినా.

అవతల చాలాసేపు
ఫ్యాను తిరిగే చప్పుడు.